పోర్ట్‌లాండ్ డౌన్‌టౌన్: చట్టం మారింది, చికిత్స ఆలస్యమైంది, భారం షాపుల మీద పడింది

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరంలో 2023లో ఒక విచిత్రమైన పరిస్థితి ఉండేది. డౌన్‌టౌన్ ఫుట్‌పాత్ మీద నిలబడి బీరు తాగితే నగర నిబంధనలు ఒప్పుకోవు. అదే ఫుట్‌పాత్ మీద కూర్చుని, అల్యూమినియం ఫాయిల్ మీద ఫెంటనిల్ అనే బలమైన కృత్రిమ మత్తుమందు మాత్ర పెట్టి, కింద లైటర్ వెలిగించి, ఆ పొగ పీలిస్తే మాత్రం పోలీసు చేయగలిగేది 100 డాలర్ల చలానా రాయడమే. అది కట్టకపోయినా ఏ శిక్షా లేదు.

నగరమే ఒక నిషేధం తెచ్చుకోవచ్చు కదా అంటే అదీ కుదరలేదు. మత్తులో ఉన్న మనిషిని నేరస్థుడిగా కాక రోగిగా చూడాలన్న మంచి ఉద్దేశంతో 1970లలో రాష్ట్రం చేసిన చట్టం ఒకటి ఈ విషయంలో స్థానిక ప్రభుత్వాల చేతులు కట్టేసింది. 2023 సెప్టెంబరులో సిటీ కౌన్సిల్ బహిరంగంగా డ్రగ్స్ వాడటాన్ని నిషేధించింది. కానీ రాష్ట్ర చట్టం మారితేనే అది అమల్లోకి వస్తుందని అందులోనే రాసుకోవాల్సి వచ్చింది.

ఇదంతా ఒక చిన్న షాపు గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. పొద్దున్నే తాళం తీయడానికి వచ్చిన ఉద్యోగికి గుమ్మంలో ఒక మనిషి కనిపిస్తాడు. చుట్టూ కాలిన ఫాయిల్ ముక్కలు, తడిసిన దుప్పటి. నిద్రపోతున్నాడా, మత్తులో ఉన్నాడా, ఊపిరి ఆగిపోతోందా అన్నది చూడగానే తెలియదు. లేపితే దండం పెట్టి పక్కకు జరగవచ్చు, మీద పడి కొట్టనూ వచ్చు. పోలీసులకు ఫోన్ చేస్తే ప్రాణాపాయం లేని కాల్ కాబట్టి వరుసలో చివరికి పోతుంది. అంబులెన్స్ వస్తే ఓవర్‌డోస్‌కు విరుగుడైన నాలొక్సోన్ స్ప్రే కొట్టి లేపుతారు. లేచిన మనిషి ఆసుపత్రికి రానంటే బలవంతంగా తీసుకెళ్లే అధికారం లేదు. ఒకవేళ వస్తానన్నా, ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకపోవడమే పోర్ట్‌లాండ్ కథలో అసలు విషయం. శిక్ష తీసేయాలా ఉంచాలా అన్న దాని మీద ఒరెగాన్‌లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ మనిషి ఆ పూటకు వెళ్లడానికి ఒక చోటు ఉందా లేదా అన్నది మాత్రం ఆ వాదనలో వెనక్కి పోయింది. చోటు లేకపోతే అతను ఉన్నచోటే ఉంటాడు. డౌన్‌టౌన్‌లో ఉన్నచోటు అంటే ఎవరో ఒకరి షాపు ముందు.

మెజర్ 110: ఏం చేశారు, ఏం చేయలేదు

2020 నవంబరు ఎన్నికల్లో ఒరెగాన్ ఓటర్లు మెజర్ 110 అనే ప్రజా ప్రతిపాదనను సుమారు 58 శాతం ఓట్లతో గెలిపించారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి అది అమలైంది. సొంత వాడకానికి కొద్ది మొత్తంలో హెరాయిన్, మెథ్ (మెథాంఫెటమైన్), కొకైన్ లాంటివి దగ్గర పెట్టుకోవడం క్రిమినల్ నేరం కాకుండా పోయింది. 100 డాలర్ల జరిమానా ఉంటుంది, ఒక హాట్‌లైన్‌కు ఫోన్ చేసి ఆరోగ్య పరీక్షకు సంబంధించిన ప్రశ్నలకు జవాబిస్తే అదీ రద్దవుతుంది. గంజాయి అమ్మకాల పన్నులో కొంత పరిమితి దాటిన డబ్బంతా చికిత్సకు మళ్లిస్తారు.

ఓటేసినవారిని అమాయకులనడం అన్యాయం. 50 ఏళ్ల పాటు జైళ్లు నింపినా అమెరికాలో డ్రగ్స్ తగ్గలేదు. నల్లజాతివారు, ఆదివాసులు తమ జనాభా నిష్పత్తికి మించి అరెస్టయ్యారు. ఒకసారి కేసు రాసుకున్నాక ఉద్యోగం దొరకదు, అద్దెకు ఇల్లు దొరకదు. కోలుకున్న మనిషిని కూడా ఆ కేసు మళ్లీ రోడ్డు మీదికే తెస్తుంది. ఈ లెక్క చూసి ఓటేసినవారు తప్పు చేయలేదు.

వారికి చూపించిన ఆదర్శం పోర్చుగల్. అక్కడ 2001 నుంచి సొంత వాడకానికి కొద్దిగా డ్రగ్స్ దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. కానీ పోర్చుగల్‌లో పట్టుబడిన వ్యక్తి 72 గంటల్లో ఒక కమిషన్ ముందు హాజరు కావాలి. అందులో న్యాయం తెలిసినవారు, వైద్యం తెలిసినవారు, సామాజిక కార్యకర్తలు ఉంటారు. వాళ్లు ఎదురుగా కూర్చుని మాట్లాడి చికిత్స వైపు నెడతారు, అవసరమైతే ఆంక్షలు పెడతారు. వెనకాల ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ సిద్ధంగా ఉంటుంది. ఒరెగాన్ ఆ కమిషన్ స్థానంలో పెట్టింది ఒక ఫోన్ నంబరు.

ఫలితం అందరికీ తెలిసిందే. మొదటి 15 నెలల్లో ఆ హాట్‌లైన్‌కు వచ్చిన కాల్స్ 119. రాష్ట్ర ఆడిటర్లు లెక్క కడితే ఒక్కో కాల్‌కు 7,000 డాలర్లకు పైగా ఖర్చయినట్టు తేలింది. చలానా అందుకున్నవారిలో ఎక్కువమంది కాల్ చేయలేదు, జరిమానా కట్టలేదు, కోర్టుకూ రాలేదు.

డబ్బు సంగతి ఇంకా బాధాకరం. చికిత్స సంస్థలకు మొదటి విడతగా సుమారు 300 మిలియన్ డాలర్లు అనుకున్నారు. ఎవరికి ఎంత అన్నది నిర్ణయించే కౌన్సిల్‌లో వ్యసనం నుంచి కోలుకున్నవారికి, క్షేత్రంలో పనిచేసినవారికి చోటిచ్చారు. ఆలోచన గొప్పదే. అయితే ప్రభుత్వ గ్రాంట్ల పద్ధతి తెలియని ఆ కౌన్సిల్‌కు అండగా ఉండాల్సిన రాష్ట్ర ఆరోగ్య శాఖ చాలినంత సిబ్బందిని ఇవ్వలేదు. దరఖాస్తులు పేరుకుపోయాయి. శిక్ష పోయింది 2021 ఫిబ్రవరిలో అయితే, డబ్బులో ఎక్కువ భాగం చేరింది 2022 ద్వితీయార్ధంలో. డబ్బు చేరాక భవనం వెతకాలి, లైసెన్సు తెచ్చుకోవాలి, నర్సులను, కౌన్సెలర్లను పట్టుకోవాలి. చికిత్స అందుబాటులో దేశంలోనే అట్టడుగున ఉన్న రాష్ట్రాల్లో ఒరెగాన్ ఒకటి. అలాంటిచోట ముందు చికిత్స ఏర్పాటు చేసి తర్వాత శిక్ష తీసేయాల్సింది. అక్కడ జరిగింది దానికి తలకిందులు.

నెపమంతా ఒక్క చట్టం మీదే వేయవచ్చా?

డౌన్‌టౌన్ వ్యాపారులను అడిగితే చాలామంది మెజర్ 110నే తిడతారు. వారి కోపం అర్థమవుతుంది కానీ కారణాల పట్టిక అంత చిన్నది కాదు. చట్టం వచ్చిన సమయానికే పశ్చిమ తీరంలోకి ఫెంటనిల్ దిగింది. తూర్పు రాష్ట్రాల్లో ఐదారేళ్ల ముందు జరిగిన ఘోరం ఇక్కడ అప్పుడు మొదలైంది. 2023లో ఒరెగాన్‌లో ఓవర్‌డోస్‌తో చనిపోయినవారు 1,800 మందికి పైగా. ఫెంటనిల్ రాకను లెక్కలోకి తీసుకుని 2024లో వచ్చిన ఒక అధ్యయనం, మరణాల పెరుగుదలకు మెజర్ 110కు సంబంధం కనిపించలేదని తేల్చింది. అంతకుముందు ఒక అధ్యయనం సంబంధం ఉందని చెప్పింది. పరిశోధకుల మధ్యే ఏకాభిప్రాయం లేనప్పుడు చట్టమే చంపిందని అనేయడం తొందరపాటు.

దానికి తోడు కోవిడ్. ఆఫీసుల్లో పనిచేసేవారు ఇళ్లకు వెళ్లిపోయారు. 2020 వేసవిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు హత్య చేసిన తర్వాత డౌన్‌టౌన్‌లో వంద రాత్రులకు పైగా నిరసనలు సాగాయి, షాపుల అద్దాలకు ప్లైవుడ్ చెక్కలు బిగించారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చే జనం పోయాక ఫుట్‌పాత్ మీద మిగిలింది వేరే దారి లేనివారే. డౌన్‌టౌన్‌లో ఎప్పుడూ నిస్సహాయులు ఉన్నారు. వేలమంది ఉద్యోగులు నడిచే వీధిలో పదిమంది కనిపించరు. వీధి ఖాళీ అయితే ఆ పదిమందే వీధి అవుతారు.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. 2017లోనే, అంటే మెజర్ 110కు మూడేళ్ల ముందు, కొలంబియా స్పోర్ట్స్‌వేర్ అధినేత టిమ్ బాయిల్ స్థానిక పత్రికలో వ్యాసం రాసి, తమ సోరెల్ బ్రాండు ఉద్యోగులకు డౌన్‌టౌన్‌లో భద్రత లేదని, ఆఫీసు ఎత్తేసే ఆలోచన చేస్తున్నామని హెచ్చరించారు. ఆ తర్వాత ఆయనే నిరాశ్రయుల కేంద్రం కట్టడానికి 15 లక్షల డాలర్లు ఇచ్చారు. సమస్య పాతదనడానికి, వ్యాపారులు అందరూ ‘వీళ్లను ఇక్కడి నుంచి తరిమేయండి’ అనే రకం కాదనడానికి కూడా ఇది సాక్ష్యం.

ఆసుపత్రి తలుపు మూసుకుంటే

డ్రగ్స్ చట్టం మీద జరిగినంత చర్చ మానసిక వైద్యం మీద జరగలేదు. షాపుల వారిని ఎక్కువ భయపెట్టేది మాత్రం ఇదే. మత్తులో జోగుతూ మూల కూర్చున్న మనిషి వల్ల బేరం పోవచ్చు, భయం తక్కువ. మెథ్ వల్లో, తీవ్రమైన మానసిక జబ్బు వల్లో, రెండూ కలిసో, లేని మనుషులతో అరుస్తూ వచ్చి అద్దం పగలగొట్టే మనిషి ముందు గల్లా దగ్గర కూర్చున్న ఇరవయ్యేళ్ల అమ్మాయి ఏం చేయగలదు?

పోర్ట్‌లాండ్‌కు దగ్గర్లో విల్సన్‌విల్‌లో డామష్ అనే ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉండేది. 1995లో మూసేశారు. ఇప్పుడు ఆ స్థలంలో విలెబోయ్ అనే ఇళ్ల కాలనీ ఉంది. పెద్ద మానసిక ఆసుపత్రులు మూసేసి, ఊరూరా చిన్న చికిత్స కేంద్రాలు పెట్టాలన్నది 1963లో కెనెడీ సంతకం చేసిన చట్టంతో మొదలైన జాతీయ విధానం. మూసేయడం దేశమంతటా జరిగింది. పెట్టడం సగంలో ఆగింది. సాధారణంగా పెద్దల మానసిక చికిత్స కోసమే నడిచే, 16 పడకలు మించిన సంస్థలకు మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిధులు ఇవ్వకూడదన్న 1965 నాటి నిబంధన కూడా కొత్త పడకలు రాకుండా అడ్డుపడింది.

మిగిలింది సేలంలో 1883లో మొదలైన ఒరెగాన్ స్టేట్ హాస్పిటల్, తర్వాత జంక్షన్ సిటీలో వచ్చిన దాని రెండో ఆవరణ. అక్కడ పడక ఎవరికి దొరుకుతుందన్నది కోర్టులు తేలుస్తున్నాయి. కేసులో ఇరుక్కుని, మానసిక స్థితి బాగోలేక కోర్టులో తన తరఫున వాదనకు సహకరించలేని వ్యక్తిని జైల్లో మగ్గనివ్వకుండా ఏడు రోజుల్లో ఆసుపత్రిలో చేర్చుకోవాలని 2002లో ఫెడరల్ కోర్టు ఆదేశించింది. న్యాయమైన ఆదేశం. రాష్ట్రం దాన్ని అమలు చేయలేక వరుస పెరిగిపోతే, 2022లో అదే కోర్టు అలాంటివారు ఆసుపత్రిలో ఉండే కాలానికి పరిమితి పెట్టింది. చిన్న నేరమైతే 90 రోజులు, పెద్ద నేరమైతే ఆరు నెలలు, హింసతో కూడిన పెద్ద నేరమైతే ఏడాది.

ఒక షాపు అద్దం పగలగొట్టిన వ్యక్తి ఈ దారిలో ఎలా తిరుగుతాడో చూడండి. అరెస్టవుతాడు. కోర్టులో డాక్టర్లు పరీక్షించి, కేసు అర్థం చేసుకునే స్థితిలో లేడంటారు. ఆసుపత్రికి పంపుతారు. అక్కడ ఇచ్చే చికిత్స లక్ష్యం ఆరోగ్యం బాగుచేయడం కాదు, విచారణకు నిలబడగలిగేలా చేయడం. గడువు ముగిసినా బాగుపడకపోతే కేసు కొట్టేసి వదిలేస్తారు. వెళ్లడానికి ఇల్లు లేదు, మందులు చూసే మనిషి లేడు. బస్సు దిగేది డౌన్‌టౌన్‌లోనే, ఎందుకంటే ఉచిత భోజనం, షెల్టర్లు, క్లినిక్‌లు ఉన్నది అక్కడే.

కేసు లేనివారి పరిస్థితి ఇంకా దారుణం. కుటుంబం బతిమాలినా, డాక్టరు చెప్పినా, సివిల్ కమిట్‌మెంట్ అంటే కోర్టు ద్వారా నిర్బంధ చికిత్స దొరకడం ఒరెగాన్‌లో చాలా కష్టంగా ఉండేది. ప్రమాదం ఇప్పటికిప్పుడు ముంచుకొస్తోందని నిరూపించాల్సి వచ్చేది. నిరూపించినా స్టేట్ హాస్పిటల్‌లో దాదాపు అన్ని పడకలూ కేసులున్నవారితోనే నిండిపోయాయి. తమ వార్డుల్లో ఇలాంటి రోగులు నెలల తరబడి చిక్కుకుపోతున్నారని కొన్ని పెద్ద ఆసుపత్రి సంస్థలు 2022లో రాష్ట్రం మీద దావా వేశాయి. అంటే ఈ రాష్ట్రంలో చికిత్స దొరకాలంటే ముందు ఏదో ఒక నేరం చేయాలన్నమాట. ఆ నేరం తరచుగా ఒక షాపులోనో షాపు మీదో జరుగుతుంది.

ఇంకో చిన్న తలుపు కూడా మూతపడింది. సెంట్రల్ సిటీ కన్సర్న్ అనే సంస్థ 1985 నుంచి తాగి పడిపోయినవారిని మత్తు దిగేదాకా ఉంచే కేంద్రం నడిపేది. పోలీసులు తీసుకొచ్చి అప్పగించి వెళ్లేవారు. తాగుబోతుల కోసం కట్టిన ఆ గదుల్లో మెథ్ తీసుకున్నవారిని సంభాళించడం సిబ్బంది వల్ల కాలేదు, కొందరు గాయపడ్డారు. 2020 ఆరంభానికల్లా అది మూతపడింది. దాని స్థానంలో కొత్తది లేకుండానే నాలుగేళ్లకు పైగా గడిచిపోయాయి. సరిగ్గా ఈ నాలుగేళ్లలోనే ఫెంటనిల్ వచ్చింది, మెజర్ 110 వచ్చింది. 2021లో నగరం ఆయుధాలు లేని స్ట్రీట్ రెస్పాన్స్ బృందాలను మొదలుపెట్టింది, 2022 మార్చికి నగరమంతా విస్తరించింది. ఓపికగా మాట్లాడి, నీళ్లిచ్చి, గొడవ చల్లార్చడంలో వాళ్లు మంచి పని చేశారు. కానీ వాళ్ల వ్యాన్‌కూ అదే ప్రశ్న ఎదురైంది. ఎక్కించుకుంటే ఎక్కడ దింపాలి?

షాపు ఖర్చు పుస్తకంలో

విధానాల లోపం షాపు లెక్కల్లోకి ఎలా చేరుతుందో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. పగిలిన అద్దం మార్చడానికయ్యే ఖర్చు చాలాసార్లు ఇన్సూరెన్స్‌లో యజమాని సొంతంగా భరించాల్సిన మొత్తం కంటే తక్కువే ఉంటుంది. క్లెయిమ్ చేసి లాభం లేదు, చేస్తే వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది. చిన్న మరమ్మతుల కోసం నగరం తన అభివృద్ధి సంస్థ ద్వారా గ్రాంట్లు ఇచ్చింది. అవి అద్దానికి పనికొచ్చాయి, మానేసిన ఉద్యోగికి పనికిరాలేదు. రాత్రి షిఫ్టుకు మనుషులు దొరక్క షాపు ముందే మూసేస్తే, ఆ నష్టాన్ని ఏ ఇన్సూరెన్సూ ఇవ్వదు.

టాయిలెట్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ పెద్దది. కోవిడ్‌లో లైబ్రరీలు, ప్రభుత్వ భవనాలు మూసేశాక, డౌన్‌టౌన్‌లో మిగిలిన టాయిలెట్లు ఎక్కువగా కాఫీ షాపులవే. లోపల గడియ పెట్టుకుని మత్తుమందు తీసుకుని పడిపోయిన మనిషిని తలుపు పగలగొట్టి బయటికి తీయాల్సి వచ్చేది. గంటకు ఇంత అని జీతం తీసుకునే కాఫీ షాపు కుర్రాడు నాలొక్సోన్ ఎలా కొట్టాలో నేర్చుకోవాల్సి వచ్చింది. 2022లో స్టార్‌బక్స్ భద్రత కారణం చెప్పి దేశంలో 16 షాపులు మూస్తామన్నప్పుడు ఆ జాబితాలో పోర్ట్‌లాండ్ కూడా ఉంది. సూపర్‌మార్కెట్ల సంస్థ టార్గెట్ 2023లో పోర్ట్‌లాండ్‌లో మూడు షాపులు మూసేసింది. క్రీడా, పర్వతారోహణ సామగ్రి అమ్మే ఆర్‌ఈఐ డౌన్‌టౌన్ పక్కనున్న పెర్ల్ డిస్ట్రిక్ట్ నుంచి వెళ్లిపోతామంది. పెద్ద కంపెనీలు చెప్పే కారణాలను ఉన్నదున్నట్టు నమ్మాల్సిన పనిలేదు. ఆఫీసు జనం పోవడం, ఆన్‌లైన్ అమ్మకాలు, గడువు తీరుతున్న లీజు కూడా లెక్కలో ఉంటాయి. కానీ వాళ్లు లెక్క చూసుకుని వెళ్లిపోగలరు. ఐదేళ్ల లీజు మీద సొంత పేరుతో సంతకం పెట్టి, ఇల్లు తాకట్టు పెట్టిన చిన్న రెస్టారెంట్ యజమాని ఎక్కడికీ వెళ్లలేరు.

భవనాల యజమానుల పరిస్థితి చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. నగరంలో అందరూ ‘బిగ్ పింక్’ అని పిలిచే యూఎస్ బ్యాంకార్ప్ టవర్ 2015లో 370 మిలియన్ డాలర్లకు పైగా పలికింది. 2025లో సుమారు 45 మిలియన్లకు అమ్ముడుపోయింది. భవనం విలువ పడిపోతే ఆస్తి పన్ను పడిపోతుంది. అదే పన్నుతో నడవాల్సినవి చికిత్స కేంద్రాలు, పోలీసులు, పార్కులు.

వ్యాపారులు ఏమీ చెల్లించకుండా ఫిర్యాదు చేస్తున్నారన్న విమర్శ కూడా నిజం కాదు. డౌన్‌టౌన్ ఆస్తుల యజమానులు మామూలు పన్నుల మీద అదనంగా ‘క్లీన్ అండ్ సేఫ్’ అనే ఏర్పాటుకు ఏళ్లుగా రుసుము కడుతున్నారు. దాంతో ఫుట్‌పాత్‌లు ఊడ్పిస్తారు, ప్రైవేటు సెక్యూరిటీని తిప్పుతారు. ఆ సెక్యూరిటీ గార్డులు ఇల్లులేనివారి పట్ల కరకుగా ఉంటారని, ప్రజల వీధిని ప్రైవేటు డబ్బు ఏలుతోందని అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో బలం ఉంది. అదే ఏర్పాటులో ఊడ్చే పని సెంట్రల్ సిటీ కన్సర్న్‌కు ఇచ్చారు. ఆ సంస్థ పనిలో పెట్టుకునేది వ్యసనం నుంచి, రోడ్డు మీది బతుకు నుంచి బయటపడుతున్నవారిని. పొద్దున్నే ఆ ఫాయిల్ ముక్కలు ఏరే మనిషి చాలాసార్లు ఒకప్పుడు అక్కడే కూర్చున్న మనిషి. వ్యాపార సంఘాలు చికిత్స కోసం ఏం చేయగలవని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు దొరకడం కష్టం. మొదటి ఉద్యోగం కోలుకోవడంలో భాగం. ఆ ఉద్యోగం ఇవ్వగలిగేది వ్యాపారమే.

పోర్ట్‌లాండ్ పశ్చిమాన హిల్స్‌బరో, బీవర్టన్‌లలో ఇంటెల్ చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. డౌన్‌టౌన్ తమకు సంబంధం లేనిదని వారూ అనుకోలేరు. 2020లో మెట్రో అనే ప్రాంతీయ ప్రభుత్వ పరిధిలోని ఓటర్లు ఆమోదించిన గృహ వసతి సేవల పన్ను తొలి నిబంధనల ప్రకారం, దంపతుల ఉమ్మడి ఆదాయం రెండు లక్షల డాలర్లు దాటితే పై మొత్తం మీద ఒక శాతం కట్టాలి. ఇద్దరూ టెక్ ఉద్యోగాలు చేసే ఇళ్లలో చాలావాటికి అది తగులుతుంది. 50 లక్షల డాలర్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలు లాభం మీద ఒక శాతం కడతాయి. పన్ను బాగానే వసూలైంది. పోర్ట్‌లాండ్ ఉన్న మల్ట్నోమా కౌంటీ (జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) మొదటి ఏళ్లలో ఆ డబ్బు ఖర్చు పెట్టలేక మిగిల్చింది, దిద్దుబాటు ప్రణాళిక ఇవ్వమని మెట్రో ఒత్తిడి చేయాల్సి వచ్చింది. రోడ్డు మీద మనుషులు, ఖాతాలో డబ్బు, మధ్యలో పని చేయించే యంత్రాంగం లేదు. వ్యాపారుల్లో ప్రభుత్వం మీద నమ్మకం పోయింది చట్టం వల్ల కంటే దీనివల్లే ఎక్కువ.

వెనక్కి తిరిగిన చట్టం

2023 వేసవి నాటికి వ్యాపార వర్గం రాజకీయ శక్తిగా మారింది. గవర్నర్ టీనా కోటెక్ డౌన్‌టౌన్ మీద వేసిన టాస్క్‌ఫోర్స్‌లో వ్యాపారులకు గట్టి స్థానం దక్కింది. మరోవైపు నైకీ సహ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్, టిమ్ బాయిల్ లాంటివారి విరాళాలతో ఒక బృందం మెజర్ 110ను మళ్లీ ఓటుకు పెడతామని ప్రకటించింది. శాసనసభను ‘మీరు మారుస్తారా, మేము మార్చాలా’ అని అడిగినట్టు. 2024 జనవరి 30న గవర్నర్, కౌంటీ చైర్, మేయర్ కలిసి డౌన్‌టౌన్‌లో ఫెంటనిల్ మీద 90 రోజుల అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

ఆ రోజుల్లో తీసుకున్న ఒక చిన్న నిర్ణయం ఎంతో చెబుతుంది. ఒరెగాన్‌లో 1971 నాటి చట్టం ప్రకారం ఖాళీ సీసాలు, డబ్బాలు తిరిగిచ్చినవారికి షాపులు డబ్బు ఇవ్వాలి, ఇప్పుడు ఒక్కోదానికి పది సెంట్లు. పర్యావరణం కోసం చేసిన చట్టం, రాష్ట్రం గర్వంగా చెప్పుకునేది. కానీ ఫెంటనిల్ మాత్ర ధర పడిపోయేసరికి ఒక సంచి ఖాళీ డబ్బాలకు వచ్చే డబ్బుతోనే అది దొరికింది. డబ్బాలు తీసుకునే సూపర్‌మార్కెట్ల పక్కనే అమ్మేవారు నిలబడ్డారు. 2024 ఫిబ్రవరిలో డౌన్‌టౌన్‌లో రెండు షాపులకు డబ్బాలు తీసుకోనవసరం లేదని తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. వీధి కొంత నెమ్మదించింది. అదే సమయంలో డబ్బాలు ఏరుకుని తిండి కొనుక్కునే ముసలివాళ్లు కూడా ఆదాయం పోగొట్టుకున్నారు. ఒక మూల ఒత్తితే ఇంకో మూల ఎవరికి నొప్పి పుడుతుందో ముందే చూడకపోవడం ఈ కథలో పదేపదే కనిపిస్తుంది.

2024 ఏప్రిల్ 1న గవర్నర్ హెచ్‌బీ 4002 అనే బిల్లు మీద సంతకం చేశారు. సెప్టెంబరు 1 నుంచి డ్రగ్స్ దగ్గర పెట్టుకోవడం మళ్లీ నేరమైంది. ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో బయట ఉంచడం) షరతులు తప్పితే 180 రోజుల దాకా జైలు పడొచ్చు. కౌంటీలు కావాలనుకుంటే ‘డిఫ్లెక్షన్’ పెట్టుకోవచ్చు, అంటే కేసు పెట్టకుండా చికిత్సకు మళ్లించడం. మల్ట్నోమా కౌంటీ అందుకోసం ఆగ్నేయ పోర్ట్‌లాండ్‌లో కేంద్రం తెరవబోతే, పక్కనే ప్రీస్కూల్ ఉందని తల్లిదండ్రులు, చుట్టుపక్కల వ్యాపారులు గట్టిగా వ్యతిరేకించారు. చికిత్స కేంద్రాలు లేవని కోప్పడే నగరంలోనే కేంద్రం మా వీధిలో వద్దనే గొంతులు లేచాయి. వాళ్ల భయం నాటకం కాదు, నాలుగేళ్లు వాళ్లు చూసింది అలాంటిది. అయినా ప్రతి వీధీ అదే అంటే కేంద్రం ఎక్కడా రాదు. 2024 అక్టోబరులో అది తెరుచుకుంది. మొదట్లో 24 గంటలూ పనిచేయలేదు, 2025లో ఆ లోటు తీర్చి మత్తు దిగేదాకా ఉంచే పడకలు కలిపారు. మొదటి నిబంధనల ప్రకారం 30 రోజుల్లో ఏదో ఒక సేవతో సంబంధం పెట్టుకుంటే చాలు, కేసు ఉండదు. ఇది మరీ సులువని కొందరన్నారు. ఫోన్ నంబరు ఉన్న కార్డు చేతిలో పెట్టి పంపడం కంటే పోలీసు కారులో ఒక నర్సు దగ్గరికి తీసుకెళ్లడం ఎంత తేడానో ఆ విమర్శలో కనిపించదు.

మళ్లీ నేరం చేయడంతో పని అయిపోతుందనుకున్నవారికి ఇంకో అడ్డు ఎదురైంది. ఒరెగాన్‌లో లాయరును పెట్టుకోలేని నిందితులకు ప్రభుత్వం ఇచ్చే లాయర్ల కొరత తీవ్రం. అరెస్టయి జైల్లో ఉన్నవారికి ఏడు రోజుల్లో లాయరును ఇవ్వలేకపోతే వదిలేయాలని ఫెడరల్ అప్పీలు కోర్టు 2024లో స్పష్టం చేసింది. చికిత్సకు మనుషులు లేని రాష్ట్రంలో శిక్షకూ మనుషులు లేరు.

2024లో ఒరెగాన్‌లో ఓవర్‌డోస్ మరణాలు తగ్గాయి, డౌన్‌టౌన్ వీధులు 2023తో పోలిస్తే మెరుగయ్యాయి. దీన్ని కొత్త చట్టం గెలుపుగా చెప్పుకోవడం తేలిక. అయితే ఆ ఏడాది దేశమంతటా మరణాలు నాలుగో వంతుకు పైగా తగ్గాయి, చట్టం మార్చని రాష్ట్రాల్లో కూడా. నాలొక్సోన్ విరివిగా దొరకడం, ఫెంటనిల్ సరఫరాలో మార్పులు వంటి కారణాలు చెబుతున్నారు. చట్టం పుణ్యం ఎంతో చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది.

ఈ మొత్తంలో తక్కువ చప్పుడుతో జరిగిన మార్పు ఒకటి ఉంది. 2025లో శాసనసభ హెచ్‌బీ 2005 అనే బిల్లును ఆమోదించి నిర్బంధ చికిత్స ప్రమాణాలు సవరించింది. ప్రమాదం ఈ క్షణంలోనే ముంచుకొస్తోందని నిరూపించనక్కర్లేదు, సమీప భవిష్యత్తులో జరిగే అవకాశం, ఆ మనిషి గత చరిత్ర కూడా జడ్జి చూడవచ్చు. హక్కుల సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. ఇష్టం లేని మనిషిని తాళం వేసిన వార్డులో పెట్టడం తేలిక విషయం కాదు కాబట్టి ఆ వ్యతిరేకతను గౌరవంగా వినాలి. జబ్బుతో తనను తాను చూసుకోలేని మనిషిని చలిలో షాపు గుమ్మంలో వదిలేసి దాన్ని స్వేచ్ఛ అనడం మాత్రం న్యాయం అనిపించుకోదు. అయితే జడ్జి ఆదేశం ఇచ్చినంత మాత్రాన పడక పుట్టదు. రాష్ట్రం చికిత్స కేంద్రాలకు కొత్తగా నిధులిచ్చింది. వాటితో కట్టే పడకలు, వాటికి కావలసిన నర్సులు, ఆ నర్సులు నిలబడేంత జీతాలు కొత్త ప్రమాణాల కంటే ముందే సిద్ధమవుతాయా, 2021లో లాగే వెనకబడతాయా అన్నది పోర్ట్‌లాండ్ చాంబర్ ఆఫ్ కామర్స్ ప్రతి శాసనసభ సమావేశంలో అడగాల్సిన ప్రశ్న. ఇన్నాళ్లూ అక్కడ వ్యాపార వర్గం ఎక్కువ బలం పెట్టింది శిక్ష మీద. అదే బలం పడకల లెక్క మీద పెడితే, పొద్దున్నే తాళం తీయడానికి వచ్చే ఉద్యోగి ఫోన్ చేసినప్పుడు అవతలి నుంచి ఒక చిరునామా వినిపించే అవకాశం పెరుగుతుంది.